వెళ్ళబోయేవాళ్ళ ఊరు

పోయినేడు అక్టోబరు వానలకి మా వీధి మురుగుకాలవ పొంగి నీళ్ళు గడపల దాకా వచ్చాయి. వాన వెలిశాక కూర్చుని ఒక అర్జీ రాశాను. కాలవ పూడిపోయింది, పూడిక తీయించండి, పైన బండలు పరిపించండి. ఇంతే విషయం, పేజీ కూడా నిండలేదు. ఒంగోలులో మాది 43 ఇళ్ళ వీధి. సంతకాలకి ఒక సాయంత్రం చాలనుకున్నాను. నాలుగు సాయంత్రాలు తిరిగితే వచ్చినవి 17.

సంతకం పెట్టనివాళ్ళల్లో ఒక్కరు కూడా కాలవ బాగానే ఉందనలేదు. అందరి గుమ్మాల ముందూ అదే బురద. మూలమీద ఇంటి పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, కాగితం రెండుసార్లు చదివి, మడత నలక్కుండా నా చేతికే తిరిగిచ్చారు. "మావాడు మమ్మల్ని బెంగుళూరు తీసకపోతానంటన్నాడమ్మాయ్. సంక్రాంతి ఎల్లంగానే ప్రయాణం. ఇంక మాకెందుకులే ఈ గొడవ" అన్నారు. నాకు తెలిసి ఆ ప్రయాణం నాలుగు సంక్రాంతుల నుంచి ఉంది. రెండిళ్ళ అవతల అద్దెకుంటున్న బ్యాంకు ఉద్యోగి, "మూడేళ్ళకోసారి ట్రాన్స్‌ఫరే కదండీ, మేం ఈ ఊరివాళ్ళం కాదు" అన్నాడు. చిన్నప్పుడు నాతో తొక్కుడుబిళ్ళ ఆడిన నా ఈడుది తలుపు దగ్గరే నిలబడి, "పాప టెన్త్ అయిపోతే విజయవాడలో ఫ్లాట్ తీసుకుంటన్నాం. ఈ ఒక్క ఏడాది గడిస్తే చాలే" అంది. తాళం వేసిన ఇళ్ళు నాలుగున్నాయి, వాటిల్లో ఒకదాని యజమాని నంబరు పట్టుకుని హైదరాబాదుకి ఫోన్ చేశాను. "ఆ ఇల్లు బేరానికి పెట్టామండీ, కొన్నవాళ్ళు చూసుకుంటారు" అన్నారు ఆయన.

నాలుగో రాత్రి ఆ 26 ఇళ్ళ మాటలూ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. అందరిదీ ఒకటే జవాబు. మేం వెళ్ళబోతున్నాం. కానీ ఆ తాళం వేసిన ఇళ్ళు నాలుగూ తప్ప ఎవరూ వెళ్ళలేదు. కొందరు పాతికేళ్ళుగా వెళ్ళబోతూనే ఉన్నారు. ఈ కాలవ పక్కనే పెళ్ళిపందిళ్ళు వేశారు, ఈ దోమల్లోనే పిల్లల్ని చదివించారు, ఈ వీధిలోంచే తల్లిదండ్రుల్ని సాగనంపారు. ఊళ్ళో ఉంటూనే ఊళ్ళో లేనట్టు బతకడం మా ఊరికి పట్టిన అసలు జబ్బని ఆ రాత్రి అనిపించింది. అప్పట్నుంచీ ఎంత ఆలోచించినా ఆ అభిప్రాయం మారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

చిన్న నగరంలో బతకడం గురించి ఎవరు మాట్లాడినా రెండు రకాలుగా మాట్లాడతారు. ఒకటి హాయి గురించి. ట్రాఫిక్ లేదు, అద్దె తక్కువ, పాలు చిక్కన, సాయంత్రం బయల్దేరితే అరగంటలో కొత్తపట్నం సముద్రం. రెండోది లేమి గురించి. ఉద్యోగాల్లేవు, పెద్ద జబ్బుకి వైద్యం లేదు, పిల్లలకి చూపించడానికి ఏమీ లేదు. రెండూ నేనూ మాట్లాడాను, రెండూ అబద్ధం కావు. అయితే రెండింట్లోనూ ఊరు ఒక లాడ్జి గది. ఫ్యాను తిరుగుతోందా, నీళ్ళొస్తున్నాయా, బాగుంటే దిగుదాం, లేకపోతే ఖాళీ చేద్దాం. లాడ్జి గదికి సున్నం వేయించాలని ఎవరూ అనుకోరు.

మా నాన్న ఆర్టీసీలో కండక్టరు. మొదట్లో కొత్తపట్నం సర్వీసు చేశాడు. చేపల గంపలు టాపు మీదికెక్కించుకుని వచ్చే బస్సు అది. ఇంటికి రాగానే ఖాకీ చొక్కా విప్పి బకెట్లో వేస్తే కానీ అమ్మ లోపలికి రానిచ్చేది కాదు. తర్వాత 1997 నుంచి 2009 దాకా హైదరాబాదు నైట్ సర్వీసు. అద్దంకి, పిడుగురాళ్ళ, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి దాటి తెల్లవారుజామున ఎల్బీ నగర్. మా జిల్లాలో ఇంజనీరింగు చదివిన పిల్లలంతా అమీర్‌పేట దారి పట్టిన రోజులవి. బస్టాండులో తల్లులు నాన్న చేతికి ఆవకాయ డబ్బాలిచ్చి, "అన్నా, మావాడు మొదటిసారి పోతన్నాడు, నిద్రపోతే ఎల్బీ నగర్ కాడ కాస్త లేపు" అని అప్పగించేవాళ్ళు. ఎక్కే పిల్లవాడి సామాను చూస్తే నాన్నకి తెలిసిపోయేదట. చేతిసంచి ఒక్కటే ఉంటే వారంలో తిరిగొస్తాడు. పరుపుచుట్ట ఉంటే ఇక పండగలకే.

2006లో బీకాం అయ్యాక నేను కూడా ఆ బస్సే ఎక్కాను. నాకూ పరుపుచుట్ట ఉంది. నాన్న నాకు టికెట్ కొట్టి, డబ్బులు తన జేబులోంచి తీసి తోలుసంచిలో వేసుకున్నాడు. ఆ రాత్రంతా మళ్ళీ నా సీటు దగ్గరికి రాలేదు.

పద్నాలుగేళ్ళు హైదరాబాదులో లెక్కలు రాశాను. 2020 జూన్‌లో లాక్‌డౌన్ సడలించాక నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ కూతురు ఒంగోలు వచ్చాం. నాలుగు నెలలనుకుని వచ్చాం. ఒప్పుకోవాల్సిన మాట ఒకటి ఉంది. తెచ్చిన అట్టపెట్టెలు రెండేళ్ళ దాకా విప్పలేదు నేను. మేడమీద గదిలో గోడవారగా పేర్చి దుప్పటి కప్పి ఉంచాను. "ఎన్నాళ్ళుంటారు?" అని ఎవరడిగినా "చూడాలండీ" అనేదాన్ని. ఆ 26 ఇళ్ళవాళ్ళ జవాబుకీ నా జవాబుకీ తేడా లేదు. వాళ్ళని తప్పుపట్టడానికి నాకేదో అర్హత ఉందని ఇది రాయడం లేదు. ఆ దుప్పటి కింద ఏముందో నాకు బాగా తెలుసు కాబట్టి రాస్తున్నాను.

పెట్టెలు విప్పించింది ఊరే. గాంధీ రోడ్డులో ఒక బట్టల కొట్టు లెక్కలు చూడటానికి మొదటిసారి వెళ్తే యజమాని నా చదువు అడగలేదు, ఎక్కడ పనిచేశానని అడగలేదు. "ఎవరమ్మాయివి?" అన్నాడు. చెప్పాను. "కొత్తపట్నం బస్సు కండక్టరు గారా? ఆయన నాకు ముప్పావలా చిల్లర బాకీపడి, మర్నాడు బస్సెక్కంగానే పిలిచి ఇచ్చాడమ్మా" అని, ఐదేళ్ళ బిల్లుల సంచి తీసి నా ముందు పెట్టాడు. ఎప్పుడో ఇచ్చిన ముప్పావలా. దాని మీద నా ప్రాక్టీసు మొదలైంది. ఇవాళ చీమకుర్తి గ్రానైటు పాలిషింగు యూనిట్ల నుంచి సంతపేట కిరాణా కొట్ల దాకా నేను జీఎస్టీ రిటర్నులు వేసే వాళ్ళల్లో సగంమంది ఇట్లా తెలిసినవాళ్ళ ద్వారా వచ్చినవాళ్ళే. పొగాకు వేలం మొదలైతే ఈ ఊళ్ళో ఏ కొట్లో ఎంత బేరం జరుగుతుందో, రేటు పడిపోయిన ఏడు ఏ బాకీలు నిలిచిపోతాయో నాకు లెక్కల్లో కనపడుతుంది. రైతు చేతికి బేళ్ళ డబ్బు ఆలస్యమైతే బట్టల కొట్టు బాకీ ఆగుతుంది, అది ఆగితే నా ఫీజు ఆగుతుంది. హైదరాబాదులో నేను రాసిన లెక్కలకి మొహాలుండేవి కావు.

తెలిసిన ఊరికి ఇంకో పక్క కూడా ఉంది. దాన్ని దాచి హాయి ఒక్కటే చెప్పడం అన్యాయం. "ఎవరమ్మాయివి?" తర్వాత వచ్చే ప్రశ్న "ఇంటిపేరేంది?" అది కూడా చాలకపోతే "మీరేమిట్లు?", అంటే మీదే కులమని. నా దగ్గర పనిచేసే అమ్మాయి ఒకతె మూడు నెలలు అద్దెకి పోర్షను వెతికింది. ఇల్లు నచ్చేది, అడ్వాన్సు మాట అయిపోయేది, ఆఖర్న ఆ ప్రశ్న వచ్చేది. మర్నాడు పొద్దున "మా చుట్టాలొస్తన్నారమ్మా" అని ఫోను. నాలుగు ఇళ్ళు అట్లా పోయాయి. నాకంటే బాగా పనిచేసే పిల్ల, లెక్కల్లో పైసా తేడా రానివ్వదు. ఇప్పుడు హైదరాబాదు వెళ్తానంటోంది. ఇల్లు ఇచ్చేవాడు అక్కడ కూడా అడగొచ్చు, కానీ పది ఇళ్ళల్లో ఇద్దరైనా అడక్కుండా ఇస్తారని ఆశ. ఆమెని ఏ మొహం పెట్టుకుని ఉండమంటాను? ఊరు వదిలిపోయే వాళ్ళందర్నీ డబ్బు లాక్కుపోవడం లేదు. కొందర్ని మనమే గెంటుతున్నాం. ఒక ఊరు ఎవర్ని తనవాళ్ళని గుర్తుపడుతుందో, ఎవర్ని గుర్తుపట్టి మరీ దూరం పెడుతుందో రెండూ కలిపి చూడాలి.

మూడేళ్ళ కిందట ఒక రాత్రి ఒంటిగంటన్నరకి నాన్నకి గుండెనొప్పి వచ్చింది. అరుపు విని ఎదురింటి అబ్బాయి గేటు దూకి వచ్చాడు. చొక్కా లేకుండానే కారు తీశాడు. మందుల షాపాయన ఇల్లు షాపు మీదే, హారన్ కొడితే కిందికొచ్చి షట్టరెత్తి, చీటీ లేకుండా నాలుక కింద పెట్టే మాత్ర ఇచ్చాడు, ఎందుకంటే నాన్న మందులన్నీ ఆయనకి కంఠతా. పది నిమిషాల్లో ఆసుపత్రి మంచం మీదున్నాడు నాన్న. మహానగరంలో అయితే ఆ పది నిమిషాల్లో అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ని లేపి ఉండేవాళ్ళం.

ఆ తర్వాత డాక్టరు బయటికొచ్చి, ఇంజక్షను ఇచ్చామని, స్టెంటు వేసే డాక్టరు ఈ రాత్రికి ఊళ్ళో లేరని, గుంటూరు తీసుకెళ్ళమని చెప్పాడు. అంబులెన్సులో నూరు కిలోమీటర్ల పైనే. త్రోవగుంట, మేదరమెట్ల, మార్టూరు, చిలకలూరిపేట. ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని పడుకున్న మనిషి కళ్ళు తెరవకుండానే మలుపుల్ని బట్టి స్టాపులు చెప్తున్నాడు. "మార్టూరు వచ్చినట్టుంది" అన్నాడు ఒకసారి. నేను కిటికీలోంచి చూశాను. మార్టూరే.

నాన్న బతికాడు. ఇప్పుడు పొద్దున్నే వీధి చివరిదాకా నడుస్తాడు. కానీ ఆ రాత్రి నాకు రెండు భాగాలుగా గుర్తుంది. మొదటి పది నిమిషాలూ ఈ ఊరు ఏ మహానగరం కన్నా గొప్పది. తర్వాతి రెండు గంటలూ మేము దిక్కులేని వాళ్ళం. మొదటిదాన్ని తల్చుకుని "మా ఊరంత ఊరు లేదు" అని మురిసిపోవచ్చు. రెండోదాన్ని తల్చుకుని ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోవచ్చు. రాత్రిపూట కూడా గుండె డాక్టరు ఇక్కడ ఉండాలని పట్టుబట్టడం మూడో దారి. ఆ దారిలో మనుషులు కనపడరు, ఎందుకంటే పట్టుబట్టగల స్థోమత ఉన్నవాళ్ళ పిల్లలు ఇప్పటికే హైదరాబాదులోనో చెన్నైలోనో ఆసుపత్రి చూసిపెట్టుకున్నారు.

నీళ్ళ సంగతి కూడా ఇంతే. మా నేల మీద బతికేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు గానీ, బయటివాళ్ళ కోసం చెప్తాను. ఉత్తరాన కృష్ణా డెల్టా, దక్షిణాన పెన్నా డెల్టా, మధ్యలో మా మెట్ట. గుండ్లకమ్మ, ముసి వానలుంటేనే పారే ఏరులు. ఒంగోలు తాగేది సాగర్ కుడి కాలవ నీళ్ళు. పల్నాడంతా తడుపుకుంటూ వచ్చిన కాలవ మా దగ్గరికొచ్చేసరికి సన్నబడిపోతుంది. ఆ నీళ్ళని సమ్మర్ స్టోరేజీ ట్యాంకుల్లో నింపుకుని, వంతులేసుకుని కుళాయిలకి వదులుతారు. కుళాయి రోజూ రావడమనేది ఇక్కడి పిల్లలకి తెలియదు. డ్రమ్ములు, సంపులు, క్యాన్లు, ఇవి లేని ఇల్లు లేదు.

మా అమ్మ పుట్టింటివాళ్ళది నాగులుప్పలపాడు దగ్గర పల్లె. సాగర్ నీళ్ళొచ్చిన కొత్తల్లో మా తాత పొలం కాలవ చివర ఉండేదట. పైవాళ్ళు తూములెత్తితే చివరి చేలకి బురదే మిగిలేది. అందుకని వంతు వచ్చిన రాత్రి తాత లాంతరూ దుప్పటీ తీసుకెళ్ళి కాలవ గట్టు మీదే పడుకునేవాడు. పైవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, గట్టు మీద మనిషి లేకపోతే నీళ్ళు ముందున్న చేలోకే తిరుగుతాయి. కాలవ చివరి రైతు ఇంట్లో పడుకుని వంతు కోసం ఎదురుచూస్తే పైరు ఎండిపోతుంది.

ఒంగోలు అన్నింట్లోనూ కాలవ చివరి ఊరే. విజయవాడకి 140 కిలోమీటర్ల దూరం, నెల్లూరుకి 120 దాకా. పెద్ద ఆసుపత్రి, పెద్ద కంపెనీ, పెద్ద కాలేజీ ఏది రావాలన్నా ముందు ఎవరి చేలోకో తిరిగి, మిగిలితే మాకొస్తుంది. అట్లాంటి ఊరికి గట్టు మీద పడుకునే మనుషులు మిగతా ఊళ్ళకంటే ఎక్కువ కావాలి. మా దగ్గర తక్కువ. మల్లవరం దగ్గర గుండ్లకమ్మ మీద కట్టిన రిజర్వాయరు గేటొకటి 2022లో కొట్టుకుపోయి నిల్వ నీళ్ళు సముద్రంలో కలిసిపోయాయి. పక్క ఊళ్ళ పొలాలకీ, మనుషులకీ దాచుకున్న నీళ్ళు. ఆ సాయంత్రం మా వీధిలో ఆ మాట ఎంతసేపు నడిచిందో నాకు గుర్తుంది. టీ తాగినంతసేపు.

మాకు అభిమానం లేదని కాదు. ఊరి పేరెత్తితే రొమ్ము విరిచే జనం మేము. కాకపోతే ఏవేవి చెప్పుకుంటామో గమనించండి. ఒంగోలు గిత్త చెప్పుకుంటాం, బ్రెజిల్‌లో ఎన్ని కోట్ల పశువులకి దాని రక్తముందో చెప్పుకుంటాం. వెనకటి నెల్లూరు జిల్లాలో ఒంగోలు భాగం కాబట్టి ఆ దేశంలో దాన్ని నెలోర్ అంటారని కూడా కలుపుతాం. చీమకుర్తి గెలాక్సీ రాయి చెప్పుకుంటాం, నల్లటి రాయిలో బంగారు చుక్కలు, ఏయే దేశాల్లో ఏయే మేడల్లో పరిచారో చెప్పుకుంటాం. చీమకుర్తి రోడ్డు గుంతలు మాత్రం ఆ లారీల కింద అట్లాగే ఉంటాయి. మన పొగాకు ఎన్ని దేశాలకి పోతుందో చెప్పుకుంటాం. ఫలానావారబ్బాయి డాలస్‌లో ఇల్లు కొన్నాడని చెప్పుకుంటాం. ఊరు దాటిందేదైనా మాకు గొప్పే. ఎంత దూరం పోతే అంత గొప్ప.

టంగుటూరి ప్రకాశం పంతులు గారి విషయంలో కూడా అంతే. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి చేసిన జిల్లాకి 1972లో ఆయన పేరు పెట్టారు. వినోదరాయునిపాలెంలో పుట్టి, ఒంగోలులో చదివి, రాజమండ్రి వెళ్ళి, మద్రాసు వెళ్ళి అంతటివాడయ్యాడని పిల్లలకి చెప్తాం. భర్త పోయాక ఒంగోలు చేరి, పూటకూళ్ళ ఇల్లు నడిపి ఆయన్ని పెంచిన తల్లి సుబ్బమ్మ గారి గురించి ఒక్క వాక్యంతో సరిపెడతాం. నాకు ఆవిడ గురించే ఎక్కువ తెలుసుకోవాలని ఉంటుంది. ఏ వీధిలో పొయ్యి వెలిగించింది, నీళ్ళు ఎక్కణ్ణుంచి మోసింది, బాకీలు ఎగ్గొట్టినవాళ్ళని ఏమనేది.

క్లౌపేట ఉంది మా ఊళ్ళో. 1866లో ఒంగోలు చేరిన అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పేరది. మతం సంగతి ఎవరి నమ్మకం వాళ్ళది, నేను చెప్పేది వేరు. 1876లో మొదలైన ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలవలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి పని చూపించాడు. వెళ్ళిపోవడానికి ఆయనకున్నన్ని కారణాలు ఈ ఊళ్ళో ఇంకెవరికీ లేవు. సముద్రం అవతల సొంత దేశముంది. అయినా ఉన్నంతకాలం ఇక్కడే ఉన్నవాడిలా ఉన్నాడు. నేను అడుగుతున్నది అంతకంటే చాలా చిన్నది.

ఇక అసలు కష్టమైన చోటికి వస్తాను. మా వీధిలో పదహారు నుంచి ముప్పై మధ్య వయసువాళ్ళు పండగలకి తప్ప కనపడరు. టెన్త్ ఫలితాలు రాకముందే పెట్టెలు సర్దుతారు. విజయవాడ, గుంటూరు హాస్టళ్ళు. అక్కణ్ణుంచి ఇంజనీరింగుకి ఇంకో ఊరు, ఉద్యోగానికి ఇంకో ఊరు. దసరాకి కళారాల (దేవతల పెద్ద ముఖాకృతుల) ఊరేగింపు చూడటానికి వచ్చినప్పుడు వాళ్ళే ఫోటోలు తీసుకుంటారు, మర్నాడు రాత్రి బస్సుకి వెళ్ళిపోతారు. ఊరికి కోపం తెప్పించాల్సిన వయసువాళ్ళు ఊళ్ళో లేరు. కాలవ పొంగితే గట్టిగా అరిచే గొంతు, ఆఫీసు ముందు కూర్చునే ఓపిక, ఇదేంటని ఎదురడిగే తెగింపు, వీటన్నిటికీ ఒక వయసుంటుంది. ఆ వయసంతా మేము బస్సెక్కించి పంపేశాం. మిగిలింది చిన్నపిల్లలు, మోకాళ్ళ నొప్పుల వాళ్ళు, మధ్యలో మాలాంటివాళ్ళు కొందరు.

మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఏ పెళ్ళికి వెళ్ళినా "ఇంటర్‌కి ఎక్కడ వేస్తన్నారు?" అనే అడుగుతారు. ఎక్కడ అంటే ఏ ఊళ్ళో అని అర్థం. ఒంగోలు ఆ జవాబుల్లో లేదు. "ఇక్కడే చదివిస్తాం" అంటే మా పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, "ఏమే, డబ్బుకి ఇబ్బందిగా ఉందా?" అని మెల్లగా అడిగింది. ప్రేమతోనే అడిగింది. ఇంకొకరు ఆడపిల్ల భవిష్యత్తు పాడుచేస్తున్నానన్నారు. ఒక రాత్రి మా అమ్మాయే అడిగింది: "నేను వెళ్ళకపోతే చదువులో వెనకబడ్డాననుకుంటారా అమ్మా?"

ఆ ప్రశ్న విన్నాక చాలా రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. పదిహేనేళ్ళ పిల్ల తన ఊళ్ళో ఉండటానికి సిగ్గుపడాల్సి వస్తోంది. ఇది ఎవరో బయటినుంచి వచ్చి మా మీద రుద్దింది కాదు. పెళ్ళి భోజనాల బల్లల దగ్గర, పొద్దుటి వాకిళ్ళ ముందు, మేమే నేర్పాం.

ఉద్యోగాల్లేని ఊళ్ళో ఉండి ఏం చెయ్యమంటారని నా మీద కోప్పడేవాళ్ళుంటారు. మా ఆయనే కోప్పడతాడు. ఆయన కంపెనీ హైదరాబాదులో ఉంది, నెలలో వారం అక్కడికి వెళ్ళొస్తాడు, ఆ ప్రయాణాల బడలిక నేను చూస్తూనే ఉన్నాను. నాకు వచ్చేది హైదరాబాదులో వచ్చినదాంట్లో సగానికి కొంచెం ఎక్కువ. సొంత ఇల్లు లేకపోతే ఈ నిర్ణయం తీసుకోగలిగేదాన్ని కాను. అది లేనివాణ్ణి, ఇంట్లో అప్పులున్నవాణ్ణి, "మీరేమిట్లు" అని అడిగించుకుని తలదించుకోవాల్సి వచ్చినవాణ్ణి ఇక్కడే ఉండమనే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు. వెళ్ళేవాళ్ళు వెళ్ళాలి. మా నాన్న పన్నెండేళ్ళు వాళ్ళని భద్రంగా దింపి వచ్చాడు, వాళ్ళెవర్నీ ఒక్క మాట అనగా నేను వినలేదు.

నేను అడిగేది ఉన్నవాళ్ళని. సంక్రాంతి వెళ్ళగానే ప్రయాణమైతే, సంక్రాంతి దాకా ఇక్కడ ఉన్నట్టే కదా. ట్రాన్స్‌ఫరు మూడేళ్ళకైతే మూడు వానాకాలాలు ఈ కాలవ పక్కనే కదా. వెళ్ళేరోజు దాకా అయినా ఇక్కడ ఉండండి. సంతకం పెట్టండి. అద్దెకడిగిన పిల్ల ఇంటిపేరు అడక్కండి. రాత్రిపూట డాక్టరు ఎందుకు లేడని పదిమంది కలిసి అడగండి. మీరు వెళ్ళిపోయాక ఆ ఇంట్లోకి ఎవరో వస్తారు, ఆ మనిషికి పొడి గడప దొరుకుతుంది. 1970కి ముందు కలెక్టరాఫీసు పని పడితే మా మెట్టవాళ్ళు తలా ఒక జిల్లా ముఖ్యపట్టణానికి పరిగెత్తేవాళ్ళు. జిల్లా వచ్చింది, ఆఫీసులొచ్చాయి, ఆ తర్వాత వైద్య కళాశాల వచ్చింది. ఊరంటే ఎప్పటికీ ఇంతేనని తీర్మానించుకోవడానికి నాకు కారణం కనపడటం లేదు.

ఆ 17 సంతకాల అర్జీ పట్టుకుని ఆఫీసుకి ఐదుసార్లు తిరిగాను. మొదటిసారి తీసుకోలేదు, రెండోసారి వేరే సెక్షన్ అన్నారు. ఐదోసారి తర్వాత, జనవరిలో, ఇద్దరు మనుషులొచ్చి కాలవ పూడిక తీశారు. తీసిన బురద నాలుగు రోజులు రోడ్డు మీదే ఉండి, తర్వాత ట్రాక్టరొచ్చి ఎత్తుకెళ్ళింది. బండలు మాత్రం పరవలేదు. ఈ ఏడు వానలకి నీళ్ళు గడప ఎక్కలేదు గానీ, రెండో తరగతి పిల్లవాడొకడు చీకట్లో కాలవలో పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

పోయిన ఆదివారం బండల కోసం రెండో అర్జీ రాశాను. ఈసారి నాన్న తీసుకెళ్తానన్నాడు. వద్దు నాన్నా, మెట్లెక్కి దిగాలి అన్నాను. వినలేదు. చెప్పులేసుకుని, పెన్ను చెవి వెనక పెట్టుకుని, కాగితం కింద మా అమ్మాయి పరీక్ష అట్ట పెట్టుకుని బయల్దేరాడు. మా పక్కింటి నుంచి మొదలుపెడతాడేమో అనుకున్నాను. నేరుగా వీధి చివరికి నడిచాడు, ఖాళీ స్థలం పక్కనున్న ఆఖరి ఇంటికి.

"అక్కణ్ణుంచెందుకు తాతయ్యా?" అని అడిగిందట వెనక వెళ్ళిన మా అమ్మాయి.

"బస్సులో టికెట్లెప్పుడూ వెనక సీట్ల నుంచి కొట్టుకురావాలమ్మా. ముందువాళ్ళు ఎటూ కళ్ళెదురుగా ఉంటారు. వెనకవాళ్ళే దిగిపోతారు."

దీపాలు పెట్టే వేళకి ఇద్దరూ తిరిగొచ్చారు. కాగితం మీద 29 ఉన్నాయి. మూలమీద ఇంటి పెద్దాయన తన పేరు కింద ఇంటి నంబరు, వీధి పేరు, ఊరు, పిన్‌కోడ్ కూడా రాశారు.